ఎక్కే బండికి దారి

"ఇన్నేళ్ళ నుంచి జనాన్ని ఆ కోటకి తోలుకుపోతున్నారు కదా, లోపల ఏముందో మీకు తెలుసా?"

ఆసుపత్రి టోకెన్ కౌంటర్లో, అద్దానికి కోసిన గుండ్రటి కన్నంలోంచి వచ్చిన ప్రశ్న ఇది. అడిగినావిడ ఎగతాళికి అడగలేదు. టూరిస్టు బస్సుల కంపెనీ తన డ్రైవర్లకి ఏడాదికోసారి కంటి పరీక్ష చేయిస్తుంది. దానికొచ్చిన మనిషి తన కాగితంలో ఉద్యోగం దగ్గర 'డ్రైవరు, కోట సర్వీసు' అనీ, దాని కింద 'ఇరవై రెండేళ్ళు' అనీ రాశాడు. రెండూ కలిపి చదివిన ఎవరికైనా రావలసిన సందేహమే. ఇంతవరకూ ఎవరూ కలిపి చదవలేదు, అంతే.

డ్రైవరు కన్నం దగ్గరికి వంగాడు.

"రాళ్ళుంటాయండి."

"చూశారా?"

"బయటికొచ్చే వాళ్ళ మొహాలు చూశాను. రాళ్ళు చూసొచ్చిన మొహాల్లాగే ఉంటాయి."

అద్దం వెనక ఆమె నవ్వింది, టోకెన్ చేతికిచ్చింది, "తర్వాతి వాళ్ళు" అంది. కంటి డాక్టరు అతని చూపు భేషుగ్గా ఉందని రాసిచ్చాడు. అయినా మరుసటి వారం కన్ను మసకగా ఉందని మళ్ళీ వచ్చాడు. ఆ పై వారం రెండో కన్ను మసకేసింది. మూడోసారి కౌంటర్లో ఆమె తలెత్తకుండానే అడిగింది: "ఇప్పుడు ఏ కన్నండీ? మీకు మూడోది కూడా ఉందా?"

తోటి డ్రైవర్లు ఇతన్ని రివర్స్ అంటారు. అసలు పేరుతో పిలిచేది అక్క ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు. బస్సు ఎక్కడ ఆపినా ముక్కు బయటికి ఉండేలా వెనక్కి తోసి పెడతాడు. ఇంట్లో చెప్పులు కూడా అలాగే విడుస్తాడు, మడమలు గోడ వైపు, వేళ్ళు గుమ్మం వైపు. వచ్చేటప్పుడే వెళ్ళే ఏర్పాటు చేసుకునే రకం. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. ఒకసారి పెళ్ళయింది, నాలుగేళ్ళు నిలిచింది. చెడడానికి పెద్ద కారణమేమీ లేదు. వారంలో ఐదు రోజులు రోడ్డు మీద ఉండేవాడు, మిగతా రెండు రోజులు నిద్రలో ఉండేవాడు. "మీ ఆయన ఎలా ఉంటాడు అని ఎవరైనా అడిగితే, బోర్లా ఉంటాడు అని చెప్పుకోవాల్సి వస్తోంది" అని ఆవిడ పెట్టె సర్దుకుంటూ అన్న మాట ఇప్పటికీ అతనే అందరికీ చెప్పి నవ్విస్తాడు. అప్పటినుంచీ అక్క ఇంట్లో పై గదిలో ఉంటున్నాడు. కింద గదిలో అక్క కిటికీ పక్కన మిషను వేసుకుని బడి సంచులు కుడుతుంది. ఆ మిషను చప్పుడు ఆగిందంటే తమ్ముడికి తిట్లు మొదలవబోతున్నాయని అర్థం.

ఇక కోట. కొండ మీద ఉంది, రెండు వేల ఏళ్ళ నాటిది అంటారు, ఎవరు కట్టించారన్న దాని మీద పండితులు ఇంకా జుట్లు పట్టుకుంటున్నారు. బతికుండగా ఒక్కసారైనా చూసి తీరాలని పోస్టర్లు చెబుతాయి, ఎందుకు చూడాలో చెప్పవు. ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి రాకపోవడానికి ముఖ్య కారణం మాత్రం క్యూ.

అంత దగ్గర పనిచేస్తూ ఒక్కసారైనా లోపలికి పోలేని బడుగు జీవి అని ఇతని మీద జాలి పడడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు కాస్త ఆగాలి. అతన్ని ఎవరూ ఆపలేదు. డ్రైవరు బస్సు వదిలి వెళ్ళకూడదని కంపెనీ రూలు ఒకటుంది, నిజమే, కానీ సెలవు రోజున వెళ్తే అడిగేవాడు లేడు. అతనికి వెళ్ళాలనిపించలేదు. పడమటి వైపు బస్సుల స్టాండులో చెట్టు నీడన సీటు వెనక్కి వాల్చి, చెప్పులు డ్యాష్‌బోర్డు మీద పెట్టి నిద్రపోయే రెండు గంటలు అతని దృష్టిలో ఆ కోట ఇచ్చిన గొప్ప వరం. ప్రాచీన వైభవం ముందు గొంతు బరువెక్కడం అందరి వల్లా అయ్యే పని కాదు.

కన్ను బాగుపడ్డాక కూడా అతను ఆసుపత్రికి వెళ్ళడం మానలేదు. మధ్యాహ్నం రెండు దాటాక, ఆసుపత్రి వెనక క్యాంటీన్ ఖాళీ అయ్యాక, ఆమె టీ తాగడానికి వస్తుందని కనిపెట్టాడు. ఆ టైముకి సెలవు రోజుల్లో అతనూ అక్కడ ఉండేవాడు. ఆమెను ఆసుపత్రిలో అందరూ టోకెనమ్మ అంటారు. నలభై ఆరేళ్ళుంటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నా టోకెన్ ఇంకా పిలవలేదు" అంటుంది. ప్రతి పొద్దునా ఊళ్ళోకెల్లా పెద్ద గుంపు ముందు కూర్చునే ఆ మనిషికి గుంపంటే వణుకు. పదకొండేళ్ళ కిందట రైల్వే స్టేషను మెట్ల మీద తొక్కిసలాటలో ఇరుక్కుంది. రెండు పక్కటెముకలు విరిగాయి. ఎముకలు రెండు నెలల్లో అతుక్కున్నాయి, ఆమె మాత్రం జనంలో అడుగు పెట్టడం మానేసింది. తెల్లవారగానే, ఆసుపత్రి గేటు దగ్గర ఇంకా ఎవరూ లేనప్పుడు, పక్క తలుపులోంచి లోపలికి వచ్చేస్తుంది. "అద్దానికి అవతల ఉంటే వెయ్యి మందైనా నాకు ఫరవాలేదు. అద్దం లేకపోతే పది మంది చాలు" అని ఆమే చెప్పింది.

సినిమాకి వెళ్దామా అన్నాడు. జనం. పార్కుకి? జనం. ఏటి ఒడ్డుకి? అక్కడ జనంతో పాటు వాళ్ళ పిల్లలు కూడా.

"అయితే కోటకి వెళ్దాం" అన్నాడు రివర్స్.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "ఊళ్ళో ఉన్న జనమంతా చాలక పై ఊళ్ళ నుంచి కూడా వచ్చేదే అక్కడికి కదండీ."

"అక్కడ జనం ఎప్పుడు ఉండరో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ నుంచి చూస్తున్నాను."

అప్పుడు ఆమె అన్న మాటలు ఈ కథకి ముఖ్యం.

"చూడండి. మీరు నన్ను ఏదో అడుగుదామని నాలుగు వారాలుగా టీ చల్లార్చుకుంటున్నారు, నాకు కనబడుతూనే ఉంది. ఇప్పుడు అడగకండి. నాతో బయటికి వెళ్ళడమంటే ఏమిటో మీకు తెలియదు. నా వెంట వచ్చినవాళ్ళు మొదటిసారి అయ్యో అంటారు. రెండోసారి ఫరవాలేదులే అంటారు. మూడోసారి వాచీ చూసుకుంటారు. ఆ తర్వాత 'ఇదంతా నీ మనసులో ఉంది' అంటారు. మనసులో కాకపోతే మోకాల్లో ఉంటుందా? మా సొంత చెల్లెలే అంది. అందుకని ముందు నాతో ఒకచోటికి వెళ్ళి రండి. వచ్చాక కూడా అడగాలనిపిస్తే అడుగుదురు గాని."

అలా కోట చూడడమన్నది రివర్స్‌కి పెళ్ళిచూపులైంది. చూసేది ఆమె, చూపించుకోవాల్సింది అతను.

టిక్కెట్లు ఇంటర్నెట్టులో కొనాలి. అన్నీ నింపాక, మీరు మనిషో యంత్రమో తేల్చుకోవాలంటూ ఆ సైటు తొమ్మిది బొమ్మలు చూపించింది. బస్సులున్న గళ్ళన్నీ నొక్కమంది. రివర్స్ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క గడినీ పరీక్షించాడు.

"ఇది వ్యాను" అన్నాడు. "బస్సు కాదు. నేను నొక్కను."

మిషను ఆగింది. "దానికి తెలియదురా, నొక్కెయ్" అంది అక్క.

"తెలియకపోతే తెలుసుకోమను. ఇదిగో, ఇది లారీ ఛాసిస్ మీద కట్టిన బాడీ. దీన్ని బస్సంటే రేపు ట్రాక్టర్ని కూడా బస్సంటారు."

మూడు ప్రయత్నాల్లోనూ అతను మనిషని నమ్మడానికి ఆ యంత్రం ఒప్పుకోలేదు. అక్క ఫోను లాక్కుని, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా తోచిన గళ్ళు నొక్కింది. వెంటనే టిక్కెట్ల పేజీ తెరుచుకుంది. "ఇరవై రెండేళ్ళు బస్సు తోలినవాడివి, బస్సు ఆనవాలు పట్టలేకపోయావని బయట చెప్పకు. లైసెన్సు లాక్కుంటారు" అని, "ఇంతకీ ఆవిడకి నువ్వు నచ్చావా, లేక కోటా?" అని కూడా అడిగింది.

"రెండూ ఇంకా చూడలేదు" అన్నాడు తమ్ముడు.

అతని లెక్క ఇది. పొద్దున తొమ్మిదికి బస్సులు వస్తాయి. పన్నెండు కొట్టేసరికి గైడ్లు తమ మందల్ని తోలుకొచ్చి బస్సులెక్కించి భోజనానికి తీసుకుపోతారు. అప్పటినుంచి, మధ్యాహ్నం బస్సులు వచ్చే రెండింటి దాకా స్టాండు బోసిపోతుంది. అతను నిద్రపోయేది అందుకు ముందైనా, నిద్ర లేచి వెళ్ళిపోయేటప్పుడు అద్దంలో కనిపించే ఖాళీ స్థలం అతనికి బాగా గుర్తు. ఒంటిగంటకి వెళ్తే కోట తామిద్దరిదే.

ఒంటిగంటకి వెళ్ళారు. స్టాండు నిజంగానే బోసిగా ఉంది. అతను ఆ ఖాళీని తన చేత్తో చేయించిన వస్తువులాగా ఆమెకి చూపించాడు. ఒక్క బస్సు లేదు. ఆమె భుజాలు కాస్త దిగాయి. గేటు దగ్గర గార్డు రివర్స్‌ని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"ఏంటన్నా, బస్సేది?"

"ఇవాళ నేనే ప్యాసింజర్ని."

గార్డు ఫోన్లో టిక్కెట్టు చూశాడు, ఆమెను చూశాడు, మర్యాదగా గొంతు తగ్గించాడు. "ఇది గ్రూపుల గేటు అన్నా. విడి టిక్కెట్లకి తూర్పు గేటు. గోడ పట్టుకుని అలా చుట్టూ వెళ్ళిపోండి."

ఇరవై రెండేళ్ళలో రివర్స్ తూర్పు వైపు వెళ్ళలేదు. వెళ్ళే పని పడలేదు. ఆరేళ్ళ కిందట ఆ వైపు కొండ కింద కొత్త రైల్వే స్టేషను వేశారని అతనికి తెలుసు, పేపర్లో చదివాడు. చదివిన దానికీ తన లెక్కకీ ముడి పెట్టలేదు. బస్సు డ్రైవరు దృష్టిలో జనమంటే బస్సులో వచ్చేవాళ్ళే. మిగతావాళ్ళు ఇళ్ళలో ఉంటారు.

గోడ మలుపు తిరిగారు. తూర్పు గేటు ముందు పదకొండున్నర బండి దిగినవాళ్ళూ, పన్నెండుంపావు బండి దిగినవాళ్ళూ కలిసి ఇనుప కమ్మీల మధ్య నాలుగు మడతలుగా నిలబడి ఉన్నారు. 'పన్నెండు తర్వాత వెళ్ళండి, టూరిస్టు బస్సులు వెళ్ళిపోతాయి, హాయిగా చూడొచ్చు' అని సలహా ఇచ్చే పేజీలు ఇంటర్నెట్టులో కొల్లలు. రివర్స్ ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్న రహస్యం వాళ్ళందరి ఫోన్లలోనూ ఉంది.

ఆమె ఆగిపోయింది. కుడిచేత్తో గోడ పట్టుకుంది.

రివర్స్ అక్కడ అనకూడని మాట అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు, కంగారులో.

"ఐదు నిమిషాలండి. కళ్ళు మూసుకుని నా వెనకే వచ్చేయండి."

"కళ్ళు మూసుకుంటే వాళ్ళు పోతారా?" అని ఆమె వెనక్కి తిరిగింది.

అతను పక్కనే నడుస్తూ, "ఒక్క బస్సు కూడా లేదు కదండీ, మీరే చూశారు కదా, ఒక్కటైనా ఉందా" అని స్టాండు దాకా వాదిస్తూనే ఉన్నాడు. తనని ఎవరూ తప్పుపట్టకపోయినా సాక్ష్యం చెబుతున్న మనిషిలాగా. స్టాండు దాటాక ఆమె చెయ్యెత్తి ఆపింది. "నేను నడిచి వెళ్తానండి" అంది. ఒక్కతే కొండ దిగింది. అతను ఖాళీ స్టాండులో నిలబడి చూశాడు.

ఇంటికొచ్చి అక్కకి చెబితే మిషను ఆగింది. "బస్సులో రానివాళ్ళు మనుషులు కారట్రా?" అంది. ఈసారి తిట్టకుండా, "కళ్ళు మూసుకోమన్నావా? నువ్వు తోలే బస్సులో ఎవరైనా భయపడితే కళ్ళు మూసుకోమంటావా, స్పీడు తగ్గిస్తావా?" అని అడిగింది. తమ్ముడు పై గదికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి చెప్పులు ఎటు పడితే అటు విడిచాడని అక్క తర్వాత చెప్పింది.

క్యాంటీన్‌కి ఆమె రావడం మానేసింది. రెండు వారాలు చూశాడు. ఇంటి చిరునామా అడిగి తెలుసుకోవచ్చు, పువ్వులు పంపొచ్చు, పాటలు పంపొచ్చు. అలాంటివి చేసేవాళ్ళంటే ఆమెకి చిరాకని అతనికి ఎందుకో అనిపించింది. పొద్దున్నే వెళ్ళి రోగుల వరుసలో నిలబడ్డాడు. ముందు దగ్గేవాళ్ళు, వెనక మూలిగేవాళ్ళు. కౌంటరు దాకా చేరేసరికి ఎండెక్కింది.

"ఏ డాక్టరు?" అంది ఆమె, కాగితం మీదే చూపు పెట్టి.

"డాక్టరు కాదండి."

ఆమె తలెత్తింది. "వెనక ఎంతమంది ఉన్నారో చూశారా? త్వరగా చెప్పండి."

"లెక్క తప్పడం కాదండి. లెక్క ఎవరికైనా తప్పుతుంది. కళ్ళు మూసుకోమన్నాను చూడండి, అది నా తప్పు. అది చెబుదామని వచ్చాను."

వెనకనుంచి ఎవరో పెద్దాయన, "బాబూ, క్షమాపణలకి వేరే కౌంటరు లేదా?" అన్నాడు.

ఆమె పెదవి బిగబట్టింది. నవ్వు ఆపుకోవడానికో, ఇంకోదానికో అతనికి తెలియలేదు. "తర్వాతి వాళ్ళు" అంది.

అంతే. కానీ మూడో రోజు రెండు దాటాక క్యాంటీన్‌కి వచ్చింది. కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మీ లెక్క ఎక్కడ తప్పిందో నాకు ఇక్కడ కూర్చుంటే తెలిసింది. మా కౌంటరు ఎనిమిదికి తెరుస్తాం. రష్ ఉండదని ఆరింటికే వచ్చి నిలబడతారు. ఆ రష్ వాళ్ళే. పన్నెండున్నరకి మూసేస్తాం. ఆఖరి అరగంటలో నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాను. ఆ టైముకి ఎందుకు రారో తెలుసా? డాక్టరు సరిగ్గా చూడడని. వచ్చిన పనికి పూర్తి విలువ రాదని."

"కోటలో డాక్టరు ఎవరండీ?"

"ఉండండి. కోటకి ఆఖరి ప్రవేశం సాయంత్రం నాలుగున్నరకి. ఐదున్నరకి బయటికి పంపేస్తారు. పూర్తి టిక్కెట్టు డబ్బిచ్చి గంట చూస్తే గిట్టదని ఎవరూ రారు. బస్సులవాళ్ళు నాలుగులోగానే సర్దేస్తారు, చీకటి పడేలోగా ఊరు చేరాలి కదా. రైలు నాలుగుకి ఒకటుంది, అది పోతే మళ్ళీ ఏడుకే, అందుకని దానికే పరిగెడతారు. పైగా ఆఖరి గంటకి ఇంటర్నెట్టు గొడవ లేదు, మిగిలిపోయిన టిక్కెట్లు కౌంటర్లోనే ఇస్తారు."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"ఫోన్ చేశాను. అక్కడ కౌంటర్లో ఎత్తింది కూడా నాలాంటి ఆవిడే. మొదట పెడసరంగా మాట్లాడింది. నేనూ అద్దం వెనక మనిషినే అన్నాక అంతా చెప్పింది." టీ ఒక గుక్క తాగి, "వారం మధ్యలో రమ్మంది. వాన పడితే ఇంకా మంచిదంది" అని ముగించింది.

రివర్స్ ఆమె వైపే చూస్తున్నాడు. ఇంత ఆరా తీసిన మనిషికి తనతో మళ్ళీ వెళ్ళాలని ఉందన్న సంగతి అతని బుర్రకి కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టగానే చక్కెర వేసిన టీలో మళ్ళీ చక్కెర వేసుకున్నాడు.

బుధవారం వెళ్ళారు. జల్లు పడుతూ ఉంది. తూర్పు గేటు ముందు ఇనుప కమ్మీల మధ్య నాలుగు మడతల దారిలో వాళ్ళిద్దరే వంకరటింకరగా నడిచారు. కమ్మీల కింద నుంచి దూరి నేరుగా పోవచ్చు, కానీ గార్డు చూస్తున్నాడని మర్యాదగా అన్ని మడతలూ తిరిగారు. కౌంటర్లో నోట్లు చెల్లవన్నారు, కార్డే కావాలన్నారు. రివర్స్ దగ్గర జేబునిండా నోట్లున్నాయి, కార్డు లేదు. ఆమె తన కార్డు తీసి అద్దం కింద నుంచి తోసింది. అద్దం వెనకావిడా ఈమే ఒకరినొకరు ఒక్క క్షణం చూసుకున్నారు. ఇద్దరూ బయటపడలేదు. అక్కడికక్కడే రివర్స్ నోట్లు లెక్కబెట్టబోతే, "ముందు లోపలికి పదండి" అంది.

లోపల రాళ్ళున్నాయి. ఆ మాటకొస్తే బాగానే ఉన్నాయి. విశాలమైన ముంగిలి, తడిసి నల్లబడిన పలకలు, ఒక పక్క పైకప్పు పోయి స్తంభాలు మాత్రమే మిగిలిన మంటపం. దూరంగా ఒక జంట గొడుగు కింద ఫొటోలు తీసుకుంటోంది. ఒక ముసలాయన ఒక్కడే స్తంభానికి చెవి ఆనించి ఏదో వింటున్నాడు. ఆమె ముంగిలి మధ్యకి నడిచి వెళ్ళి, రెండు చేతులూ కొద్దిగా పక్కకి చాపి, చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. చెయ్యి చాపితే ఎవరికీ తగలని బహిరంగ స్థలంలో ఆమె నిలబడి పదకొండేళ్ళయింది. రివర్స్ కాస్త దూరంలోనే ఉండిపోయాడు. ఏమైనా అంటే తప్పు మాటే వస్తుందేమోనని నోరు కట్టేసుకున్నాడు.

పైన గోడ మీదికి వెళ్తే లోయంతా కనిపిస్తుందని బోర్డు ఉంది. పైకి దారి గోడ లోపల్నుంచే, రాతి మెట్లు. ఇద్దరు ఒరుసుకుంటేనే పట్టే సందు, మధ్యలో కాస్త వెడల్పుగా ఒక మలుపు. ఆమె బోర్డు చదివింది, మెట్లు చూసింది, "వెళ్దాం" అంది. నాలుగు మెట్లు ఎక్కింది. అప్పుడు పైనుంచి చప్పుడు వినిపించింది. నవ్వులు, బూట్లు. ఏదో కంపెనీ విహారయాత్ర వాళ్ళు, అందరికీ ఒకే రంగు చొక్కాలు, రైలు తప్పిపోయిందని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ గుంపుగా దిగుతున్నారు. సందు మొత్తం వాళ్ళతో నిండిపోయింది.

ఆమె గోడకి అతుక్కుపోయింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. కిందికి దిగాలన్నా కాలు కదలడం లేదు.

రివర్స్ ఆమెను దాటుకుని రెండు మెట్లు పైకి వెళ్ళి సందుకి అడ్డంగా నిలబడ్డాడు, కుడి చెయ్యి పైకెత్తాడు. ఘాట్ రోడ్డు మీద ఇరుకు చోట రెండు బండ్లు ఎదురుపడితే ఎవరు ఆగాలన్నదానికి ప్రతి డ్రైవరుకీ తెలిసిన నియమం ఒకటుంది: దిగే బండి ఆగుతుంది. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం కష్టం కనుక.

"ఆగండి" అన్నాడు. గట్టిగా అరవలేదు. నలభై మందిని ఒక్క మాటతో సీట్లలో కూర్చోబెట్టే గొంతు అది. "ఎక్కే బండికి దారి ఇవ్వాలి."

ముందున్న కుర్రాడు అయోమయంగా కిందికి తొంగి చూశాడు. "బండెక్కడుందండీ?"

"వస్తోంది. మీరు వెనక్కెళ్ళి మలుపు దగ్గర వెడల్పుంటుంది, అక్కడ గోడవారగా నిలబడండి. ఆఖర్న ఉన్నవాళ్ళు ముందు కదలాలి. ఊ, వెనకాయనా, మీరే. కదలండి."

వెనకాయన కదిలాడు. ఆయన వెనక్కి ఎక్కితే మిగతావాళ్ళూ ఎక్కారు. ఎందుకు ఎక్కుతున్నారో వాళ్ళకి తెలియదు. నియమం తెలిసినవాడిలా ఒకడు చెబితే జనం వింటారు, అది మంచికైనా చెడ్డకైనా. సందు ఖాళీ అయింది. పైన మలుపు దగ్గర ఒకే రంగు చొక్కాల వరుస గోడకి ఆనుకుని నిలబడింది.

రివర్స్ తిరిగి ఆమె వైపు చూడను కూడా లేదు. పక్కకి ఒత్తిగిల్లి గోడకి వీపు ఆనించి, పైకి చూస్తూ నిలబడ్డాడు. రమ్మనలేదు. చెయ్యి చాపలేదు.

"ఎంతసేపండీ?" అని పైనుంచి ఎవరో అడిగారు.

"బండి ఎక్కేంతసేపు."

"రైలు ఎలాగూ పోయింది కదరా, కంగారెందుకు" అంది ఇంకో గొంతు. నవ్వారు. ఆమె ఒక మెట్టు ఎక్కింది. ఆగింది. గోడ మీద చెయ్యి జరిపింది. మరో మెట్టు. సగంలో చాలాసేపు ఆగిపోయింది. ఎవరూ వాచీ చూసుకోలేదు. మలుపు దగ్గర ఆ వరుస ముందునుంచి దాటేటప్పుడు ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. వాళ్ళలో ఒకావిడ పొట్ట లోపలికి పీల్చుకుని ఇంకాస్త చోటిచ్చింది.

పైకి చేరాక ఆమె తడి రాయి మీద అలాగే కూర్చుండిపోయింది. లోయలో వాన తెర తెరలుగా కదులుతోంది. రివర్స్ కిందివాళ్ళకి "ఇక దిగొచ్చు, థాంక్స్" అని కేకేసి వచ్చి, ఆమెకి కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"మొన్న నన్ను కళ్ళు మూసుకోమన్నారు" అంది ఆమె. "ఇవాళ వాళ్ళని పక్కకి జరగమన్నారు."

"రోడ్డు మీద పద్ధతి అదేనండి."

"రోజూ ఇలా చెయ్యి ఎత్తుకుని నిలబడతారా? పెళ్ళిళ్ళలో, బజార్లలో, బస్టాండుల్లో?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ప్రతిచోటా వినరు. విననిచోట బండి వెనక్కి తిప్పుకొచ్చేద్దాం. నాకు అది కూడా బాగానే వచ్చు."

కింద గార్డు ఈల వేశాడు. మూసే టైము దగ్గరపడింది.

"అడగాలనుకున్నది అడగరేం మరి?" అంది ఆమె.

అతను అడిగాడు. ఏమని అడిగాడో ఎవరికీ చెప్పలేదు. బస్సు హారన్ మోగించినట్టు అడిగి ఉంటాడని అక్క అభిప్రాయం. ఆమె ఇచ్చిన జవాబు మాత్రం తెలుసు, ఎందుకంటే ఆమే అందరికీ చెబుతుంది: "ఆలోచించుకుని చెబుతాననడానికి ఇంత ఎత్తు ఎక్కలేదండీ."

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో, కౌంటరు మూసే ముందు అరగంటలో జరిగింది. అక్క వచ్చింది, ఆమె చెల్లెలు వచ్చింది, పక్క బస్సు డ్రైవరు సాక్షి సంతకం పెట్టాడు. వచ్చినవాళ్ళు ముగ్గురు చాలని, నాలుగోవాడు వస్తే గుంపవుతుందని పెళ్ళికొడుకే గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డాడు. ఇప్పుడు వాళ్ళు నెలకోసారి ఎక్కడికో ఒకచోటికి, అందరూ వెళ్ళిపోయే వేళకి, వెళ్తుంటారు. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశారు. వచ్చి క్యాంటీన్లో టీ తాగారు.

కోట టిక్కెట్లకి ఆ బుధవారం ఆమె కార్డు మీద కట్టిన డబ్బులో తన వంతు అతను ఇంకా ఇవ్వలేదు. ఇచ్చేస్తే వెళ్ళే ఏర్పాటు చేసుకున్నట్టుంటుందట.